కండరాల జబ్బు ఉన్నవాళ్ళకి ఊపిరి పరీక్షలు: ఏది, ఎవరికి, ఎప్పుడు?

కొలిమి దగ్గర తిత్తిని చూసినవాళ్ళకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. తోలుకి చిల్లు లేదు, గొట్టంలో మసి లేదు, అయినా నిప్పు రాజుకోవడం లేదంటే తిత్తి కొట్టే చెయ్యి అలిసిపోయిందన్నమాట. డుషెన్ కండర క్షీణత, ఏఎల్ఎస్, ఎస్ఎంఏ, పాంపే, మయస్థీనియా గ్రావిస్ లాంటి జబ్బుల్లో జరిగేది ఇదే. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. వాటిని సాగదీసే డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పెద్ద కండరం), పక్కటెముకల మధ్య కండరాలు, దగ్గుకి బలమిచ్చే పొట్ట కండరాలు నీరసిస్తాయి. అందుకే ఎక్స్‌రే తేటగా వస్తుంది, వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 97 చూపిస్తుంది, ఇంట్లోవాళ్ళు ధైర్యపడతారు. ఆ మనిషి మాత్రం రోజూ తెల్లారేసరికి తలనొప్పితో లేస్తుంటాడు, పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తుంటాడు.

ఆసుపత్రిలో ఊపిరి పరీక్షలు చేసే పీఎఫ్‌టీ గదిలో రోజూ మనుషుల చేత ఊదించే పని నాది. చీటీలో ఐదారు పరీక్షల పేర్లు రాయించుకుని వచ్చి, "అన్నీ చేయించాలా, ఇందులో ముఖ్యమైనదేదో చెప్పండి" అని అడిగే తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. చికిత్స నిర్ణయం మీ డాక్టరుదే. ఏ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో మీకూ తెలిసుంటే ఆయన్ని సరైన ప్రశ్న అడగగలరు.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, మనకి ఏ ప్రశ్నకి జవాబు కావాలి? కండరాల జబ్బులో మూడు ప్రశ్నలుంటాయి. గాలి లోపలికి లాగే బలం ఎంత మిగిలింది? దగ్గితే కఫం బయటికి వస్తుందా? నిద్రలో ఊపిరి సరిపోతోందా? ఈ మూడింటికీ ఒకే పరీక్ష జవాబు చెప్పదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. మొదటి ప్రశ్నకి వచ్చిన జవాబుని మూడో ప్రశ్నకి కూడా సరిపెట్టుకుంటారు.

రెండోది, ఆ పరీక్ష ఈ మనిషి చేయగలడా? పెదవులు బిగించలేనివాళ్ళు, ఐదేళ్ళలోపు పిల్లలు, చెప్పింది పట్టుకోలేనివాళ్ళు ఊదితే వచ్చే అంకె జబ్బుని కాదు, వాళ్ళ ఇబ్బందిని కొలుస్తుంది.

మూడోది, మళ్ళీ మళ్ళీ చేయించగలమా? ఒక్క రిపోర్టుకి విలువ తక్కువ. ఆరు నెలలకోసారి ఒకే పద్ధతిలో చేసిన నాలుగు రిపోర్టులు పక్కపక్కన పెడితే దారి కనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ దాకా వచ్చి ఏడాదికోసారి చేయించుకునే ఖరీదైన పరీక్ష కంటే, దగ్గరి ఊళ్ళో తప్పకుండా చేయించే మామూలు పరీక్ష మేలైన సందర్భాలు బోలెడు.

కూర్చుని ఊదే స్పైరోమెట్రీ

అన్నిటికీ పునాది ఇది. నిండా గాలి పీల్చి, ఇక రాదు అన్నంత వరకు బలంగా ఊదితే బయటికి వచ్చిన మొత్తం గాలి ఎఫ్‌వీసీ. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు ఇలా ఊదించి కొలిచే యంత్రం గురించి ప్రకటించాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా కండరాల జబ్బుల్లో ఎక్కువ నిర్ణయాలు ఈ అంకె మీదే నడుస్తున్నాయి. 50 శాతం కంటే తగ్గితే లక్షణాలు లేకపోయినా, 80 కంటే తగ్గి లక్షణాలు కూడా ఉంటే, రాత్రిపూట బైపాప్ (మాస్క్ ద్వారా గాలిని లోపలికి నెట్టే మెషీన్) లాంటి శ్వాస సాయం గురించి ఆలోచించాలని అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2023 సూచనలు చెబుతున్నాయి.

ఈ శాతం దేంట్లోంచి వస్తుందో గట్టిగా పట్టుకోండి. వయసు, ఎత్తు, ఆడా మగా అన్నది చూసి "ఇంత రావాలి" అని మెషీన్ ఒక లెక్క వేస్తుంది. వచ్చినదాన్ని దాంతో భాగిస్తుంది. వీల్‌ఛైర్‌లో కూర్చున్న, వెన్ను వంకర తిరిగిన పిల్లాడి ఎత్తు ఎలా కొలుస్తారు? పనిలో చేరిన కొత్తలో నేను వాళ్ళమ్మని అడిగి, ఆమె చెప్పింది రాసేసేవాణ్ణి. ఒక అబ్బాయి ఊదింది 1.60 లీటర్లు. ఎత్తు 160 సెంటీమీటర్లు అని కొడితే మెషీన్ 3 లీటర్లు రావాలంది, అంటే 53 శాతం. అదే గాలికి, వెన్ను వంగిన ఎత్తు 150 కొడితే రావలసింది 2.55కి తగ్గి, శాతం 63కి పెరిగింది. అబ్బాయిలో ఏ మార్పూ లేదు, కాగితం మీద పది శాతం బాగుపడ్డాడు. నిలబడలేనివాళ్ళకి చేతులు రెండూ బార్లా చాపించి, ఒక నడివేలి కొస నుంచి రెండో నడివేలి కొస దాకా కొలవాలి. మోచేతులు బిగుసుకుపోతే ముంజేతి ఎముక పొడవు కొలిచి లెక్క కట్టాలి. ఎలా కొలిచారో రిపోర్టు మీద రాయించుకోండి. శాతంతో పాటు లీటర్లు కూడా మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. పెద్దవాళ్ళలో లీటర్లే అసలు కథ చెబుతాయి. ఎదిగే పిల్లల్లో రెండూ చూడాలి. డుషెన్ పిల్లల్లో లీటర్లు కొన్నేళ్ళు పెరిగి, ఒక ఎత్తుకి చేరి, అక్కణ్ణుంచి దిగడం మొదలవుతుంది. ఆ దిగుడు ఎప్పుడు మొదలైందో తెలియాలంటే పాత అంకెలు ఉండాలి.

దీని లోపం ఏమిటంటే, కండరాల బలం బాగా పడిపోయే దాకా ఎఫ్‌వీసీ పెద్దగా తగ్గకపోవచ్చు. రాత్రి సంగతి నేరుగా అసలే చెప్పదు.

పడుకుని ఊదడం

నన్నడిగితే, మన దగ్గర అన్యాయంగా వదిలేస్తున్న పరీక్ష ఇదే. అదే మెషీన్, అదే గొట్టం, పైగా పట్టేది పది నిమిషాలు. మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఊదిస్తే చాలు.

కూర్చున్నప్పుడు పొట్టలోని అవయవాలు బరువుకి కిందికి జారి, డయాఫ్రమ్ దిగడానికి సాయం చేస్తాయి. పడుకుంటే అవే దాన్ని పైకి నెడతాయి. బలమైన డయాఫ్రమ్‌కి అదొక లెక్క కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో తేడా మామూలుగా 10 శాతం లోపే. కూర్చుని 2.40 లీటర్లు ఊదిన మనిషి పడుకుని 1.68 మాత్రమే ఊదితే 30 శాతం పడిపోయినట్టు. 25, 30 శాతం దాటితే డయాఫ్రమ్ బాగా బలహీనపడిందని అర్థం. ఏఎల్ఎస్, పాంపే ఉన్న పెద్దవాళ్ళలో కొందరికి కాళ్ళు నడుస్తూనే ఉంటాయి, డయాఫ్రమ్ మాత్రం ముందే జారిపోతుంది. కూర్చుని చేసిన రిపోర్టు చూసి వాళ్ళని ఇంటికి పంపేస్తాం.

"దిండ్లు ఎన్ని వేసుకుంటారు?" అని నేను ఊరికే అడగను. ఒక దిండు రెండయ్యి, రెండు మూడయ్యి, చివరికి పడక్కుర్చీలో నిద్రపోతున్నారంటే ఈ పరీక్ష అడిగి చేయించుకోవాల్సిందే. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలి పీలిస్తే పొట్ట పైకి లేవాలి. దానికి బదులు లోపలికి గుంజుకుంటుంటే అదీ డయాఫ్రమ్ చెప్పే మాటే. ఇది ఇంట్లో మీరే చూడొచ్చు. పడుకోబెడితే బాగా ఆయాసపడేవాళ్ళని మాత్రం బలవంతపెట్టకూడదు. పడుకోలేకపోవడమే వాళ్ళ పరీక్ష ఫలితం.

బలం కొలిచేవి: ఎంఐపీ, ఎంఈపీ, స్నిప్

ఎంఐపీ అంటే గాలంతా వదిలేసి, మూసిన గొట్టంలోంచి బలంగా లాగడం. ఎంఈపీ అంటే నిండా పీల్చి మూసిన గొట్టంలోకి ఊదడం. రెండింటినీ సెంటీమీటర్ల నీటి ఒత్తిడిలో కొలుస్తారు. లాగే బలం 80 దాటితే చెప్పుకోదగ్గ బలహీనత లేదని నిశ్చింతగా ఉండొచ్చు. తక్కువ వస్తే మాత్రం తొందరపడకండి. కొత్తవాళ్ళు మొదటి రెండు మూడు సార్లు సరిగ్గా లాగలేరు, నాలుగోసారికి పట్టు దొరుకుతుంది. పక్కన నిలబడి "లాగు, లాగు, ఇంకా లాగు" అని అరిచే మనిషిని బట్టి కూడా అంకె మారుతుంది.

స్నిప్‌లో గొట్టాన్ని నోట్లో పెట్టే పని లేదు. ఒక ముక్కు రంధ్రంలో చిన్న బిరడా పెట్టి, రెండోది తెరిచి ఉంచి, మల్లెపూలు వాసన చూసినట్టు, కానీ గట్టిగా, ఒక్కసారి లాగమంటాం. పదిసార్లు లాగిస్తే అన్నిటికన్నా పెద్ద అంకె తీసుకుంటాం. మగవాళ్ళలో 70, ఆడవాళ్ళలో 60 దాటితే మంచిదే. స్నిప్ కానీ ఎంఐపీ కానీ 40 కంటే తగ్గితే రాత్రి శ్వాస సాయం గురించి మాట్లాడుకోవాలి. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన రోజు స్నిప్ నమ్మొద్దు.

ఏఎల్ఎస్ వచ్చిన ఒక బడి మాస్టారు గుర్తొస్తున్నారు. మాట ముద్దగా వచ్చేది. గొట్టం నోట్లో పెడితే పెదవుల మూలల్లోంచి గాలి బుసమని పోయేది. మొదటిసారి 1.1 లీటర్లు వచ్చింది. ఆయన భార్య రెండు బుగ్గలూ చేతుల్తో అదిమి పట్టుకుంటే 1.5 వచ్చింది. చివరికి గొట్టం తీసేసి, ముక్కూ నోరూ కప్పే మాస్క్ గట్టిగా ఆనించి చేస్తే 1.9. మూడు అంకెలూ ఒకే మనిషివి, ఒకే అరగంటలోవి. పెదవులు బిగించలేనివాళ్ళకి మాస్క్‌తో స్పైరోమెట్రీ, దానికి తోడు స్నిప్, ఇదే నేనిచ్చే సలహా. గొంతు కండరాలు మరీ దెబ్బతింటే స్నిప్ కూడా ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. అలాంటివాళ్ళకి రాత్రి పరీక్షే దిక్కు.

స్నిప్ యంత్రం అన్ని చోట్లా ఉండదు. లేదంటే దాని కోసం ఊళ్ళు తిరగకండి. పడుకుని ఊదే పరీక్ష చాలావరకు ఆ లోటు తీరుస్తుంది.

దగ్గు బలం: పీక్ కాఫ్ ఫ్లో

కండరాల జబ్బున్న పిల్లలు చాలాసార్లు ఆసుపత్రి పాలయ్యేది మామూలు జలుబుతోనే. కఫం వస్తుంది, దగ్గి తీసే బలం ఉండదు, అది న్యుమోనియాగా మారుతుంది. అందుకని ఈ అంకె ప్రాణంతో సమానం. కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఉబ్బసం వాళ్ళు వాడే, కొన్ని వందల రూపాయలకి దొరికే పీక్ ఫ్లో మీటర్‌కి మాస్క్ తగిలించి, నిండా గాలి పీల్చి అందులోకి దగ్గమనాలి. ముల్లు ఎక్కడ ఆగిందో చూడాలి.

పెద్దవాళ్ళలో, పన్నెండేళ్ళు దాటిన పిల్లల్లో నిమిషానికి 270 లీటర్లకి తగ్గితే దగ్గుకి సాయం నేర్చుకోవాలి. 160 కంటే తగ్గితే కఫం బయటికి రాదు. 270 దగ్గరే ఎందుకు ఆగాలంటే, జలుబు చేసినప్పుడు ఈ బలం ఇంకా పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న రోజు 250 ఉన్నవాళ్ళు జ్వరంలో 160కి జారిపోవచ్చు. దగ్గు సాయం అంటే చేత్తో నొక్కి గాలి పంపే అంబూ సంచితో గాలి మీద గాలి నింపి దగ్గించడం, దగ్గే క్షణంలో పొట్ట మీద అదమడం, లేదా కాఫ్ అసిస్ట్ మెషీన్. చిన్న పిల్లలకి ఈ అంకెలు వర్తించవు, వయసుని బట్టి మారతాయి.

ఒక్క పరికరమే కొనగలం అంటే నేను దీన్నే కొనమంటాను.

ఆక్సీమీటర్, రక్త పరీక్ష, రాత్రి పరీక్ష

కోవిడ్ తర్వాత ఆక్సీమీటర్ లేని ఇల్లు తక్కువ. దాన్ని పగలు పెట్టి 97 చూసి ధైర్యపడొద్దు. ఊపిరి చాలకపోతే ముందుగా పెరిగేది కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ అంకె చాలా ఆలస్యంగా పడుతుంది. మెలకువగా ఉండగానే 95 కంటే తక్కువ వస్తుంటే అప్పటికే ఆలస్యమైందని, లేదా కఫం పేరుకుందని అనుకోవాలి.

అదే ఆక్సీమీటర్, రాత్రంతా రికార్డు చేసే రకమైతే, పనికొచ్చే పరీక్ష అవుతుంది. కలలొచ్చే నిద్రలో మెడ, పక్కటెముకల కండరాలు సడలిపోయి, భారమంతా ఒక్క డయాఫ్రమ్ మీదే పడుతుంది. అందుకే జబ్బు మొదట బయటపడేది తెల్లవారుజామునే. 88 లేదా అంతకంటే తక్కువగా వరుసగా 5 నిమిషాలు ఉంటే డాక్టరుకి చూపించాల్సిందే. రికార్డు బాగుంటే మాత్రం అంతా బాగున్నట్టు కాదు, కార్బన్ డయాక్సైడ్ సంగతి అందులో లేదు.

దానికోసం ఉన్నవి ఏబీజీ (ధమని రక్తంలో వాయువులు కొలిచే పరీక్ష), రాత్రంతా చర్మం మీంచి లేదా ముక్కు దగ్గర కార్బన్ డయాక్సైడ్ కొలిచే యంత్రం, పూర్తి నిద్ర పరీక్ష. ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 45 దాటితే ఎక్కువ. కానీ అది మణికట్టులో సూది గుచ్చి పగటి ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. మామూలు ఎలక్ట్రోలైట్ రిపోర్టులో బైకార్బొనేట్ అనే వరుస ఉంటుంది, అది చూడండి. 27 దాటి ఉంటే రాత్రుళ్ళు కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందని అనుమానించాలి. వాంతులు, మూత్రంలో నీరు పోయే మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి కాబట్టి అవి లేవని చూసుకోవాలి. పూర్తి నిద్ర పరీక్ష అన్నిటికన్నా వివరంగా చెబుతుంది, ఖర్చూ శ్రమా కూడా ఎక్కువే. బుక్ చేసేముందు ఒకటే అడగండి: "కార్బన్ డయాక్సైడ్ కూడా కొలుస్తారా?" గురక కోసం చేసే మామూలు పరీక్ష అయితే మనకి కావలసిన సగం అందులో ఉండదు. పగటి ఎఫ్‌వీసీ ఇప్పటికే 40 శాతం ఉండి, లక్షణాలూ ఉంటే, నిద్ర పరీక్ష తేదీ కోసం బైపాప్‌ని రెండు నెలలు ఆపుకోకండి.

ఇక్కడే ఇంకో మాట. ఆక్సిజన్ తగ్గిందని ఇంట్లో సిలిండర్ పెట్టి ఊరుకోవడం ఈ జబ్బుల్లో ప్రమాదం. అంకె 98కి వస్తుంది, కింద కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది, మనిషి మత్తులోకి జారిపోతాడు. అవసరమైతే ఆక్సిజన్ ఇస్తారు, కానీ శ్వాస సాయంతో పాటు, కార్బన్ డయాక్సైడ్ చూసుకుంటూ.

| పరీక్ష | దేనికి జవాబు | ఎవరికి కష్టం | ఏ అంకె దగ్గర మేలుకోవాలి |
|---|---|---|---|
| కూర్చుని ఎఫ్‌వీసీ | మొత్తం శక్తి, జబ్బు నడిచే దారి | చిన్న పిల్లలు, పెదవులు పట్టనివాళ్ళు | 80 శాతం లోపు లక్షణాలతో, 50 లోపు ఎలాగైనా |
| పడుకుని ఎఫ్‌వీసీ | డయాఫ్రమ్ | పడుకోలేనివాళ్ళు | 25, 30 శాతం తగ్గుదల |
| ఎంఐపీ, స్నిప్ | లాగే బలం, ముందస్తుగా | ముక్కు మూసుకుపోయినవాళ్ళకి స్నిప్, పెదవులు పట్టనివాళ్ళకి ఎంఐపీ | 40 లోపు |
| పీక్ కాఫ్ ఫ్లో | కఫం తీసే శక్తి | గొంతు కండరాలు బలహీనమైనవాళ్ళు | 270 లోపు |
| రాత్రి ఆక్సీమీటర్ | నిద్రలో ఆక్సిజన్ | దాదాపు ఎవరికీ కాదు | 88 లేదా తక్కువ, వరుసగా 5 నిమిషాలు |
| ఏబీజీ, బైకార్బొనేట్ | పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ | సూదికి భయపడేవాళ్ళు | 45 పైన. 27 పైన |

మీ ఇంట్లో ఎవరికి ఏది

డుషెన్ అబ్బాయికి ఐదారేళ్ళ వయసు నుంచే ఏడాదికోసారి ఊదడం అలవాటు చేయండి. అప్పుడు అంకె కోసం కాదు, నేర్పు కోసం. "ఊదు నాన్నా, కొవ్వొత్తి ఆర్పు నాన్నా" అని తల్లి పక్కన కూర్చుని అంటుంటే వచ్చే ఊపు నేను అరిస్తే రాదు. నడక ఆగాక ఆరు నెలలకోసారి ఎఫ్‌వీసీ, బలం, దగ్గు మూడూ చూడాలి. ఛాతీ బెల్ట్ వేసుకుని ఉంటే ప్రతిసారీ అలాగే చేయండి, లేదా ప్రతిసారీ తీసేసి చేయండి.

ఏఎల్ఎస్ వేగంగా నడుస్తుంది కాబట్టి మూడు నెలలకోసారి. మొదటి రోజే పడుకుని కూడా ఊదించండి. మాట ముద్దగా ఉంటే మాస్క్, స్నిప్.

ఎస్ఎంఏ పసిపిల్లలు ఊదలేరు. వాళ్ళకి కళ్ళతో చూసేదే మొదటి పరీక్ష: పీల్చినప్పుడు ఛాతీ లోపలికి పోయి పొట్ట పైకి లేస్తోందా, ఏడుపు సన్నబడిందా, నిద్రలో చెమటలు పడుతున్నాయా. ఇవి కనిపిస్తే కార్బన్ డయాక్సైడ్ కొలిచే నిద్ర పరీక్ష దాకా వెళ్ళాలి. అది జిల్లా కేంద్రాల్లో దొరకడం కష్టం. న్యూరాలజీ, పల్మనాలజీ ఒకే చోట ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో అడగాలి. హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్ళు నిమ్స్ లాంటి చోట, అనంతపురం, చిత్తూరు వైపువాళ్ళు దగ్గర్లో ఉన్న బెంగళూరు నిమ్హాన్స్‌లో ముందుగా కనుక్కుని బయల్దేరండి.

మయస్థీనియాలో పొద్దుటికీ సాయంత్రానికీ అంకె మారుతుంది. మాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నారో రిపోర్టు మీద రాయించండి. వరుసగా ఊదిస్తుంటే ఒక్కోసారికి తగ్గుతూ వస్తోందంటే అది కూడా సమాచారమే, "సరిగ్గా ఊదట్లేదు" అని కసరకూడదు.

మయస్థీనియా ఒక్కసారిగా ముదిరినప్పుడు, గిలియన్ బారే (నరాలు దెబ్బతిని కండరాలు హఠాత్తుగా చచ్చుబడే జబ్బు) వచ్చినప్పుడు లెక్క నెలల్లో కాదు, గంటల్లో. గిలియన్ బారేలో డాక్టర్లు 20, 30, 40 చూస్తారు: ఎఫ్‌వీసీ కిలో బరువుకి 20 మిల్లీలీటర్ల లోపు, లాగే బలం 30 లోపు, ఊదే బలం 40 లోపు వస్తే వెంటిలేటర్‌కి సిద్ధపడతారు. ఇంట్లోనో అంబులెన్స్‌లోనో అయితే నిండా గాలి పీల్చి, మామూలు గొంతుతో, సెకనుకి రెండు చొప్పున ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 50 దాకా వెళ్ళగలరు. తెలుగులో ఇరవై దాటాక అంకెల పేర్లు పొడవవుతాయి, కాబట్టి ఒకటి నుంచి పది వరకు మళ్ళీ మళ్ళీ చెప్పించి, మీరు వేళ్ళు మడిచి పదులు లెక్కపెట్టండి. పొద్దున 35 చెప్పిన మనిషి మధ్యాహ్నానికి 20 దగ్గర ఆగిపోతే సాయంత్రం దాకా చూడొద్దు, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి. పాత రిపోర్టుల ఫైలు, ఇంట్లో బైపాప్ ఉంటే ఆ మెషీనూ దాని మాస్కూ వెంట పెట్టుకోండి. ఎక్కించుకునేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టకుండా తలవైపు ఎత్తుగా ఉంచమని అంబులెన్స్‌లో చెప్పండి.